నీళ్లలో మునిగి చనిపోయిన చేపలు

నా చిన్నప్పుడు, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఏలూరులో మేముండే వీధికి కొల్లేటికోట నుంచి ఒక మామ్మ చేపలు తెచ్చేది. పొద్దున్నే బస్సు దిగి, నెత్తిన సిల్వరు బేసినుతో నడిచి వచ్చేది. పేరెవరూ అడగలేదు, అందరికీ కోట మామ్మే. వీధిలో ఇంచుమించు అన్ని ఇళ్లూ ఆవిడ వాడుకలే.

మా పిన్నికి ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. వారం ఆస్పత్రిలో ఉంచి, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపుతామన్నారు. కుట్లు త్వరగా మానాలంటే కొరమీను పులుసే పెట్టాలని అమ్మమ్మ పట్టు. మా వైపు కొరమీనుని బతికుండగానే కొంటారు, బతికుండగానే కోస్తారు. చచ్చినదాన్ని గుమ్మం కూడా దాటనివ్వరు. మర్నాడు దొరుకుతాయో లేదోనని మామ్మ ఒక రోజు ముందే బతికున్నవి రెండు తెచ్చి, వెడల్పాటి బేసిన్లో వీపులు మునిగేంత నీళ్లు పోసి, పైన పాత వల ముక్క కట్టి వెళ్లింది.

మధ్యాహ్నం నేను బేసిను పక్కనే కూర్చున్నాను. అవి ఉండుండి మూతి పైకెత్తి నోరు తెరుస్తున్నాయి. పాపం, ఈ కాసిని నీళ్లు చాలక అల్లాడుతున్నాయనుకున్నాను. పదేళ్ల పిల్లకి ఇంకేం తోస్తుంది? పెరట్లో ఉన్న చిన్న నీలం డ్రమ్ములోకి వాటిని ఒంపి, కుళాయి గొట్టం పెట్టి అంచుదాకా నింపి, ఎగిరి పడిపోకుండా మూత బిగించాను. అమ్మమ్మ కూడా చూసి, నా బంగారు తల్లి అని మెచ్చుకుంది.

పొద్దున్న మూత తీస్తే రెండూ వెల్లకిలా తేలి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మామ్మ వీధిలోకి వచ్చింది. అమ్మమ్మ నడివీధిలోనే నిలదీసింది. "చావబోయే చేపలు బాలింతకి అంటగడతావుటే? ఇన్నేళ్ల వాడుక, నీకు మనసెలా ఒప్పింది?" పక్కింటి అక్క అందుకుంది. "మాకూ ఇలాంటివే ఇచ్చుంటావు. రేపట్నుంచి మా గుమ్మం ముందు ఆగకు మామ్మా." ఇంకో రెండిళ్లవాళ్లు కూడా తలూపారు. ఒక్క పొద్దులో ఆవిడ వాడుకంతా పోయేలా ఉంది.

మామ్మ గొంతు పెంచలేదు. "నీళ్లెంత పోశారండీ?" అని మాత్రం అడిగింది.

"డ్రమ్ము నిండా. మూత కూడా బిగించాం. ఏం?" అంది అమ్మమ్మ.

"అయితే మునిగి చచ్చాయండీ."

వీధంతా గొల్లుమంది. "చేప మునిగి చావడమేంటి మామ్మా! కొంగ ఎగరలేక కిందపడిందని చెప్పు, అదీ నమ్ముతాం" అన్నారు ఎదురింటి మాస్టారు.

మామ్మ బేసినులోంచి తడి గోనెముక్క విప్పింది. లోపల ఒక కొరమీను. చుక్క నీళ్లు లేవు. కోటలో బస్సెక్కినప్పటి నుంచి అలాగే ఉందట. వేలితో తాకగానే తోక ఝాడించింది. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు. మామ్మ మా ఇంటి బిందె అడిగి, నిండా నీళ్లు పోసి, చేపని అందులో వదిలి నన్ను పిలిచింది. "అమ్మాయిగారూ, రెండు చేతులతో బిందె మూతి మూసి ఉంచండి."

కాసేపు ఏమీ లేదు. తరువాత నా అరచేతికి కింద నుంచి ఒక పోటు తగిలింది. మళ్లీ ఇంకోటి, ఇంకా గట్టిగా. మూడోదానికి నేను అరిచి చేతులు తీసేశాను. చేప తల పైకి పెట్టి, చప్పుడయ్యేలా గాలి మింగి, లోపలికి దిగిపోయింది.

"దీనికి నీళ్లొక్కటే చాలవండీ, గాలి కూడా కావాలి. పైకి రానివ్వకపోతే మనలాగే పోతుంది" అంది మామ్మ.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ముందు రోజు డ్రమ్ము మూత కింద డబడబమని చప్పుడు విన్నాను. కొత్త నీళ్లలో ఆడుకుంటున్నాయని మురిసిపోయి, మూత ఇంకాస్త బిగించాను. అందరూ వింటుండగా ఆ మాట చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. మెచ్చుకున్న అమ్మమ్మ కూడా నా వైపు చూడలేకపోయింది. లోపలికెళ్లి కాఫీ గ్లాసుతో వచ్చి, "ముందిది తాగవే" అని మామ్మని అరుగు మీద కూర్చోబెట్టింది. మా అమ్మమ్మకి తప్పు ఒప్పుకోవడమంటే అదే. పక్కింటి అక్క గిన్నె తెచ్చుకుని చేపల కోసం నిలబడింది. బిందెలోని కొరమీనే ఆ మధ్యాహ్నం పిన్నికి పులుసైంది.

వెళ్లబోతూ మామ్మ నా తల నిమిరింది. "మీరు జాలిపడే చేశారమ్మా. అది అడిగిందొకటి, మీరు ఇచ్చిందొకటి, అంతే."

తరువాత చాలా ఏళ్లు పేపర్లో పనిచేశాను. వరద ఊళ్లు, ఆస్పత్రి వరండాలు, ఎందరి కష్టాలో చూశాను. చూసిన మరుక్షణమే వాళ్లకేం కావాలో నాకు తెలిసిపోయిందనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే భయం వేస్తుంది. వాళ్ల పక్కన కూర్చుని, ఏం కావాలో వాళ్లనే అడుగుతాను.