చిన్న పల్లేరు, ఏనుగు పల్లేరు

అరవైల చివర్లో నేను విజయనగరం నుంచి నరసన్నపేట అవతల సముద్రం వైపున్న ఒక ఊరికి కాపురానికి వెళ్లాను. పట్నంలో పెరిగిన నాకు తెలిసిన మొక్కలంటే మందారం, కనకాంబరం, తులసి. అంతే.

ఆ ఏడాది మా అత్తగారికి ముఖమూ కాళ్లూ ఉబ్బడం మొదలైంది. "పల్లేరు కసాయం తాగితే తగ్గిపోతాది. ఇసకదిబ్బల మీద ఉంటాది. పసుప్పచ్చ పువ్వు, ముళ్లకాయ. తెచ్చీయే" అంది. వెళ్లాను. పసుపు పువ్వూ ముళ్లకాయా కనిపించగానే ఒడినిండా పీక్కొచ్చాను. చెంబు నీళ్లలో ఆకు వేసి కలిపితే, నీళ్లు గుడ్డుసొనలా తీగలు సాగాయి. హడలిపోయి ఆమెకు చూపించాను.

"ఓలమ్మా, ఏనుగు పల్లేరు తెచ్చీసినావే! నాకు సిన్నది కావాల."

తిడుతుందనుకున్నాను. నవ్వింది. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే నాతో తానే బయల్దేరింది. నాలుగు అడుగులకోసారి ఆగుతూ నడిచి, దిబ్బ మీద కూలబడింది. పక్కన నేలకు అంటుకుని పాకుతున్న తీగను చూపించింది.

"సూడు. ఆకు సింతాకులాగ జతలుజతలుగా ఉన్నాది. పువ్వుకి అయిదు రేకలు, దేనికది విడి. నువ్వు తెచ్చింది నిలబడి పెరుగుతాది. ఆకు దళసరి, అంచుకి పళ్లుంటాయి. పువ్వు సన్నాయి బూరలాగుంటాది. ఇక మర్సిపోకు."

కాయను గోటితో నొక్కింది. అయిదు ముక్కలుగా విడిపోయింది. ఏనుగు పల్లేరు కాయ అలా విడిపోదట.

ఆ ముక్కలు నా అరచేతిలో పోసి, "మా పిల్ల అయిదేళ్లకే గుర్తుపట్టీసేది. నీ ఈడుదే" అంది.

నా పెళ్లికి ముందు ఏడాది పురిట్లో పోయిన ఆడపడుచు సంగతి నేను విన్నాను గానీ, అత్తగారి నోట ఎన్నడూ రాలేదు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను తలొంచుకుని మొక్కలు పీకుతూ ఉండిపోయాను. చెయ్యి పట్టుకోవలసింది. పట్టుకోలేదు.

వారంపాటు కషాయం కాచి ఇచ్చాను. ఉబ్బు తగ్గలేదు సరికదా, పొట్టకు పాకింది. బస్సులో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. మూత్రపిండాలు చెడిపోయాయి, ముందే తేవలసింది అన్నాడు డాక్టరు. తొమ్మిదో రోజున ఆమె పోయింది.

కర్మలయ్యాక ఒక సాయంత్రం మా ఆయన అడిగారు. "ఆ దినం దిబ్బల కాడ అమ్మ నీతో ఏటి మాటాడినాది?"

"మీ చెల్లెలి గురించి" అన్నాను.

"దాని గురించా? మాతో ఒక్క ముక్కా అన్నేదు. మేమూ ఎత్తనేదు, బాధపడతాదని."

తల్లి పోయిన రోజున కూడా ఆయన కంట నీరు చూడలేదు నేను. అప్పుడు అరుగు మీద కూర్చుని, ఎదురింటివాళ్లు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, పెద్దగా ఏడ్చారు.