అపెండిక్స్ ఆపరేషన్, మూడో రోజు

చదువు ఎక్కువైందని ఏడ్చే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. చదువు చాలడం లేదని ఏడ్చిన పిల్లలం మేము. నమ్మడం కష్టమే గానీ, ఆ రోజుల్లో నిజంగా అట్లాగే ఏడ్చాం. హుస్సేనీ ఆలం సందులో, కింద ఫంక్షన్ హాలు, పైన మా ప్రైవేటు నర్సింగ్ కాలేజీ. కాలేజీని ఆనుకుని ఇరవై మంచాల ఆస్పత్రి. ఆస్పత్రి అంటే బోర్డు ఉంది, మంచాలు ఉన్నాయి, మందుల వాసన కూడా ఉంది (ఫినాయిల్‌దే అనుకోండి). పేషెంట్లే లేరు. కింద పెళ్ళి జరిగిన రోజున మాత్రం ఆ మంచాలు నిండేవి. మగపెళ్ళివారు బిర్యానీ తిని పైకొచ్చి కునుకు తీసేవారు.

నాకేమో చిన్నప్పటి నుంచి ప్రతిదాని లోపలా ఏముందో చూడాలనే పిచ్చి. గడియారం విప్పి తన్నులు తిన్నదాన్ని. నరం చేతికి ఎట్లా తగులుతుంది, సూది చర్మం దాటేటప్పుడు ఎట్లా ఉంటుంది, మనిషి గుండె చెవికి ఎట్లా వినిపిస్తుంది, ఇవన్నీ తెలుస్తాయని ఆశపడి చేరాను. రెండో సంవత్సరం అయిపోవచ్చినా ఒక్కటీ తెలియలేదు. నేర్చుకోవడానికి ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉండేది గానీ, ఖరాబవుతుందని కవరు కూడా విప్పకుండా ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో కూర్చోబెట్టారు. మేం దాన్ని బేగం సాహెబా అని పిలిచేవాళ్ళం. వెళ్తూ వస్తూ సలాం చేసేవాళ్ళం.

ఇక ఇంజెక్షన్లు. మా అమ్మ మాదన్నపేట మార్కెట్లో కూరగాయలు అమ్మేది. ఆమె కుప్పలోంచి వంకాయలు పట్టుకెళ్ళి, వాటికి మంచినీళ్ళ ఇంజెక్షన్లు పొడిచి, సాయంత్రానికి తిరిగి తెచ్చేదాన్ని. అమ్మ వాటినే కూర వండి, “నీ పేషెంట్లు మంచిగ ఉడికిన్రు, తిను” అనేది. నవ్వేదే గానీ ఆమెకూ ఒక ఆశ ఉంది. అమ్మకు షుగర్. రోజూ పొద్దున మార్కెట్‌కు పోయే ముందు సందు చివరి కాంపౌండరు దగ్గర నిలబడి ఇన్సులిన్ వేయించుకునేది. నా బిడ్డ నర్సు చదువుతున్నదని అందరికీ చెప్పుకుంది కదా, “ఇంక వాని దగ్గరికి ఎన్ని దినాలు పోవాలె? నువ్వే ఎయ్యరాదు?” అని అడిగేది. పరీక్షలున్నాయనో, చెయ్యి బెణికిందనో ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. వంకాయ నొప్పి అనదు, అమ్మ అంటుంది. ఆ భయం నాకు అన్నం సహించనిచ్చేది కాదు.

ఒకరోజు అందరం కలిసి చైర్మన్ సార్ గదికి వెళ్ళాం. ముందు నిలబడి మాట్లాడింది నా స్నేహితురాలు పోలీసు (గొంతును బట్టి వచ్చిన పేరు). మాకు పేషెంట్లు కావాలి సార్ అంది. ఆయన మంచివాడే, ఎవరినీ కసురుకోడు. చాయ్ సాసరులో పోసుకుంటూ, “వస్తరు బేటా, ఫికర్ చేయకుండ్రి. రోగాలు తెచ్చుకోమని మందికి నేను చెప్తనా?” అన్నాడు. చేరినప్పుడు తీసేసుకున్న మా పదో తరగతి మార్కుల మెమోలన్నీ ఆయన వెనకున్న బీరువాలోనే ఉన్నాయి. అందుకే ఆ బీరువాను చూసుకుంటూ బయటికి వచ్చేశాం.

పేషెంట్లు మాత్రం నిజంగానే వచ్చారు. సర్కారు తనిఖీ ఉందని తెలిసిన మర్నాడు సార్ క్లాసుకు వచ్చి, “పేషెంట్లు కావాలంటిరి గద” అంటూ సగం మందిని యూనిఫాం వేసుకోమన్నాడు. మిగతా సగం మందిని నైటీలు వేసుకుని పడుకోమన్నాడు. రోగాలు ప్రిన్సిపాల్ మేడమ్ పంచింది. నాకు అపెండిక్స్ ఆపరేషన్, మూడో రోజు. పక్క మంచానికి విరిగిన కాలు, తొడ వరకు కట్టు. ఆ పక్కన స్పృహ లేని కేసు, అది మా క్లాసులో అందరికంటే పెద్ద వాగుడుకాయకు వచ్చింది. నా పొట్ట మీద పోలీసు కట్టు అంటించింది. చేతికి సూది లేని సెలైన్ గొట్టం ప్లాస్టర్‌తో అతికించింది.

కోపం రావాలి నిజానికి. నాకు మాత్రం సరదా పుట్టింది. పేషెంటు అయితే ఎట్లా ఉంటుందో చూద్దామని బుద్ధిగా పడుకున్నాను. పైకప్పు తప్ప ఏమీ కనబడదు, మన గురించి మన నెత్తి మీదే ఎవరెవరో మాట్లాడుకుంటారు, మనకు ఒక్క ముక్క చెప్పరు. ఆహా, ఇదన్నమాట అనుకున్నాను. పోలీసు నాకు బీపీ పట్టీ చుట్టి, చెవులకు గొట్టాలు పెట్టుకుని చాలాసేపు విన్నది. ఎంత ఉందే అని అడిగాను. “సప్పుడే ఇనవడ్తలేదే” అంది మెల్లగా. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా సరదా అక్కడితో దిగిపోయింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. తనిఖీకి వచ్చిన పెద్ద మేడమ్ లోపలికి అడుగు పెట్టింది. నెరిసిన జుట్టు, తెల్లచీర, చూడగానే ఎన్నో వార్డులు నడిపిన మనిషని తెలిసిపోతుంది. మాకు ఆ కాలేజీలో రోగం గురించి ఏమీ నేర్పలేదు గానీ, మేడమ్ వస్తే లేచి నిలబడాలని మాత్రం మొదటి రోజు నుంచీ నూరిపోశారు. ఏమైందో తెలిసేలోపే వార్డులోని పదకొండు మంది పేషెంట్లం మంచాలు దిగి, వరసగా నిలబడి, ఒక్క గొంతుతో “గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నాం. విరిగిన కాలు రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడింది. అందరికంటే గట్టిగా అన్నది స్పృహ లేని కేసు.

మేడమ్ నవ్వలేదు. నా మంచం దగ్గరికి వచ్చి చార్టు చదివి, ఆపరేషన్ ఎటువైపు అని అడిగింది. కట్టు మీద చెయ్యి పెట్టి చూపించాను. అది ఎడమవైపు ఉంది. (పోలీసు నాకు ఎదురుగా నిలబడి తన కుడిచేతి వైపు అంటించింది మరి. అపెండిక్స్ పేషెంటుకు కుడివైపు అని పుస్తకంలో ఉంది గానీ, ఎవరి కుడివైపో తెలియడానికి పేషెంటు ఉండాలి కదా.) మేడమ్ చార్టు పక్కన పెట్టేసింది.

“ఇప్పటిదాకా ఎన్ని ఇంజెక్షన్లు చేశావమ్మా?” అని అడిగింది.

ఆమె వెనక చైర్మన్ సార్ నిలబడి ఉన్నాడు. నాకు బీరువా కనబడింది. అందులో నా మెమో కనబడింది. సందు చివర కాంపౌండరు ముందు చీర కొంగు సర్దుకుంటున్న అమ్మ కూడా కనబడింది.

“వంకాయలకైతే మస్తు చేసిన మేడమ్” అన్నాను. “మనుషులకు ఒక్కటి గూడ చెయ్యలె.”

ఆ తరువాత ఆమె ఒక్కొక్కరినీ అడిగింది, ఒక్కొక్కరూ చెప్పారు. స్పృహ లేని కేసయితే ఎంతకీ ఆపలేదు. నెల తిరగకముందే మమ్మల్నందరినీ పెద్ద సర్కారు దవాఖానాకు డ్యూటీకి పంపాలని కాగితం వచ్చింది. మెమోలు కూడా చేతికొచ్చాయి. చైర్మన్ సార్ చాలా రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం మెట్ల మీద ఎదురుపడి, ఎంతో బాధగా, “పండుకొనుడు గూడ రాదా మీకు?” అన్నాడు.

దవాఖానాలో మూడు నెలలు చేశాక, ఒక పొద్దున అమ్మను కాంపౌండరు దగ్గరికి పోనివ్వలేదు. నేనే వేశాను. సూది చర్మం దాటడం వేళ్ళకు తెలిసింది. వంకాయలా ఉండదు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. “ఎయ్యవేందే?” అంది. వేసి తీసేసి అప్పటికే దూది అద్దుతున్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేనే ఒక వార్డుకు ఇన్‌చార్జిని. పోయిన ఏడు నాకు నిజంగానే అపెండిక్స్ ఆపరేషన్ అయింది, కుడివైపే. మూడో రోజున పైకప్పు చూస్తూ పడుకుని ఉంటే మా సూపరింటెండెంట్ మేడమ్ పలకరించడానికి వచ్చింది. తలుపు చప్పుడైంది, అంతే. మంచం దిగి నిలబడి “గుడ్ మార్నింగ్ మేడమ్” అనేశాను. కుట్లు చుర్రుమన్నాయి. ఆమె కంగారుపడి, పడుకోమ్మా, నొప్పి లేదా అని అడిగింది. చాలా నొప్పిగా ఉంది మేడమ్ అని చెప్పాను. ఎందుకు నవ్వుతున్నానో మాత్రం చెప్పలేకపోయాను.