గడప మీద నాయనమ్మ

శుక్రవారం గడపకు పసుపు రాస్తుంటే ఆ వాసనకి గుణదలలోని మా పాత ఇల్లు గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు ఇంటి పన్ను బాకీ పడ్డామని ఒక శుక్రవారం ఉదయం ఇద్దరు వసూలు మనుషులు మా వీధి తలుపు ఊడదీసుకుపోవడానికి వచ్చారు. "జప్తుకొచ్చామండీ" అన్నారు. నాకు జపానికని వినిపించింది. సంబరంగా రెండు పీటలు తెచ్చి వేశాను.

గడప మీద కూర్చుంటే నన్ను తిట్టే నాయనమ్మ, ఆ రోజు ఆరని పసుపు మీదే చతికిలబడింది. నేనూ పక్కన చేరాను.

"లేవండి మామ్మగారూ, మా డ్యూటీ మమ్మల్ని చేసుకోనివ్వండి."

"చేసుకోండి నాయనా. పిల్ల పీటలేసిందిగా, కూర్చుని చేసుకోండి. జీతం రాగానే మావాడు పన్ను కడతాడు. శుక్రవారం పూట ద్వారలక్ష్మిని మాత్రం పంపను. కావాలంటే నన్ను జప్తు చేసుకోండి!"

వాళ్ళలో పెద్దాయన నవ్వు ఆపుకోలేక పీట మీద కూలబడ్డాడు. "మిమ్మల్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోమంటారండీ! జీతాలయ్యాకే వస్తాంలెండి."

మజ్జిగ తాగి వెళ్ళారు. వాళ్ళు సందు మలుపు తిరగగానే నాయనమ్మ నా చెవి మెలేసింది. "లే, గడప మీద కూర్చోకూడదు!"

జీతం రాగానే నాన్న పన్ను కట్టేశారు. తలుపు దక్కినందుకు దేవుడికి పెట్టే దణ్ణంలో ఆ పెద్దాయనకీ వాటా ఉంది. గడప మీద మాత్రం నేనిప్పటికీ కూర్చోను, అవసరమొస్తే తప్ప.