మంచునీళ్లలో సున్నా చూపని థర్మామీటర్

మీ ఇంట్లోని థర్మామీటర్ నిజం చెబుతోందని మీకెవరు చెప్పారు? దుకాణంవాడా, డబ్బా మీది అక్షరాలా? నాకూ వాళ్లే చెప్పారు. ఆ మాట నమ్మి నేనొక ప్రాణిని నీళ్లలోనే ఉడకబెట్టి చంపాను.

శామీర్‌పేటలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేను, పైన తమ్ముడూ మరదలూ. వాళ్ల హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న ఒక జంట చేపలు, ఒక పీత. ఆడది పెద్దది, మగది దానిలో సగం. ఆరేళ్లుగా తమ్ముడు డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పకముందే ఆ జంట ముందు నిలబడతాడు. తొట్టి పైన దిష్టికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడతాడు.

నా సగం జీవితం మూఢనమ్మకాల మీద వాదనలతోనే గడిచింది. ఊరుకుంటానా?

"సముద్రంల ఎవడు కట్టిండురా మిరపకాయలు?"

"సముద్రంల నీలాంటోని కన్ను వడదు గదనే" అన్నాడు వాడు.

డిసెంబరులో కంపెనీ పని మీద నాలుగు రోజులు ఊరు వెళ్తూ తొట్టిని నాకు అప్పగించాడు. "నీళ్లు ఇరవై ఆరు డిగ్రీల కాడుండాలె. గంతే. సైన్సు మనిషివి, నీకు చెప్పేదేముంది."

మొదటిరోజే అద్దం తుడుస్తూ వాడి పాత థర్మామీటర్‌ను విరగ్గొట్టాను. కొంపల్లిలో చేపల దుకాణానికి వెళ్లి, ఎందుకైనా మంచిదని రెండు కొన్నాను. ఒకటి నీళ్లలో తేలే గాజుగొట్టం, లోపల అంకెల కాగితం. రెండోది బయట అద్దానికి అతికించే పట్టీ. ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది కదా అనుకున్నాను.

గొట్టం ఇరవై చూపింది. పట్టీ ఇరవై ఒకటి. నీళ్లను వేడిచేసే హీటర్ మీద మాత్రం వేడి పెంచే, తగ్గించే బిళ్ల ఇరవై ఆరు దగ్గరే ఉంది. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరిది ఒకే మాట. నేను ఓటింగు పెట్టాను, హీటర్ ఓడిపోయింది. బిళ్లను పైకి తిప్పాను. మరునాడు ఇంకాస్త తిప్పాను.

రెండోరోజు సాయంత్రం మేత వేయబోయిన మరదలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బావా, నీళ్లు వేడిగున్నయి. రోజూ చెయ్యి పెడత, నాకు తెలుస్తది."

"చేతి మీద అంకెలుంటయా అమ్మా?"

ఆమె మేత డబ్బా మూసి వంటింట్లోకి వెళ్లింది. సభల్లో ప్రత్యర్థి నోరు మూయించినప్పుడు కలిగే సంతోషమే నాకు కలిగింది. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మూడోరోజు పొద్దున్నే ఆమె పైనుంచి పిలిచింది. వెళ్లేసరికి మగచేప నీటి పైపొరకు నోరు ఆనించి గాలి కోసం కొట్టుకుంటోంది. ఆడది దాని తోక పట్టి పీకుతోంది. ఆరేళ్లు కలిసి బతికిన జంట. పట్టు తప్పిన మగది అడుగుకు జారింది. మొప్పలు ఇంకా కదులుతుండగానే పీత దాని పొట్ట చీల్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. గాజుగొట్టం మాత్రం ప్రశాంతంగా ఇరవై ఏడు చూపుతోంది.

మరదలు జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ తెచ్చి నీళ్లలో ముంచింది. అది తొంభై ఫారెన్‌హీట్ కంటే తక్కువైతే అంకె చూపదు. అంటే తొట్టి నీళ్లు సరిగ్గా ఉంటే దానికి అంకె రాకూడదు. తొంభై రెండు వచ్చింది. దగ్గర దగ్గర ముప్పై మూడు డిగ్రీలు.

సరిగ్గా అప్పుడే, అనుకున్నదానికంటే ఒకరోజు ముందే, తమ్ముడు బ్యాగుతో మెట్లెక్కి వచ్చాడు. తొట్టిని చూశాడు, హీటర్ బిళ్లను చూశాడు. బ్యాగు కింద పెట్టి నా మూతి మీద గుద్దాడు. పెదవి చీలి నెత్తురు చొక్కా మీద కారింది.

"నా నిమ్మకాయను ఎక్కిరించినవ్. గా నిమ్మకాయ ఎవర్ని సంపిందే? నీ సైన్సు సంపింది."

తప్పు నాదని తెలిసీ నేను వాణ్ని తిరిగి కొట్టాను. జవాబు దొరకని వాదనకు పిడికిలితో జవాబు చెప్పాను. సోఫా తిరగబడింది. వాడు నా మెడ పట్టాడు, నేను వాడి చెయ్యి కొరికాను. ఇద్దరం యాభై దాటినవాళ్లం.

"ఆడది ఇంకా బతికుంది" అంది మరదలు. "దాన్ని సూస్తరా, లేకుంటె మీ నెత్తుర్లు గూడ నేనే తుడవాల్నా?"

విడిపోయాం. హీటర్ ఆపాం. చల్లనీళ్లు ఒక్కసారి పోస్తే ఆ దెబ్బకూ చస్తుందని తమ్ముడు మంచుముక్కలను సంచుల్లో కట్టి ఒక్కొక్కటిగా తేలవేశాడు. నేను గాలిపంపు పట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఆడచేప మొప్పలు నెమ్మదించాయి.

మిగిలిన మంచును దంచి, స్టీలు గ్లాసులో కొద్దిగా నీళ్లు కలిపి, గాజుగొట్టాన్ని అందులో నిలబెట్టాను. కరుగుతున్న మంచులో సున్నా చూపాలి. ఎర్రగీత సున్నాను దాటి, అంకెల్లేని తెల్లకాగితం మీదికి దిగిపోయింది. లోపలి కాగితమే జారిపోయి ఉంది. ఇక పట్టీ నీళ్లతోపాటు కిటికీ చలిని కూడా కొలిచింది. ఇద్దరు అబద్ధాలకోర్లు వేర్వేరు కారణాలతో ఒకే అబద్ధం చెప్పారు. దాన్ని నేను రుజువు అన్నాను. నిమ్మకాయ కట్టినవాడికీ నాకూ తేడా ఏమిటి? వాడి నమ్మకం ఎవరినీ చంపలేదు.

మరునాడు ఇద్దరం వాచిన మొహాలతో, ఫ్లాస్కు నిండా దంచిన మంచుతో కొంపల్లి దుకాణానికి వెళ్లాం. ఒక్కో థర్మామీటర్‌నూ అతని బల్ల మీదే ముంచడం మొదలుపెట్టాను.

"ఏంది సార్, గిట్ల ఎవలు జేస్తరు?" అన్నాడు దుకాణంవాడు.

"చేపను సంపినోళ్లు జేస్తరు" అన్నాడు తమ్ముడు.

తొమ్మిదింట్లో మూడు సున్నా దగ్గర నిలిచాయి. ఆ మూడింటినీ గోరువెచ్చని నీళ్లలో మా జ్వరం థర్మామీటర్ పక్కన పెట్టి చూశాం. తీగ చివర లోహపు మొన ఉన్నదొకటి రెండుచోట్లా సరిపోయింది. అది కొన్నాం. ఇప్పుడు ఆ ఒంటరి చేప దాని పక్కనే తిరుగుతోంది. నిమ్మకాయ ఇంకా వేలాడుతోంది. నేనేమీ అనడం లేదు, అనే అర్హత పోగొట్టుకున్నాను.

మీరు పోగొట్టుకోకండి. ఈ పుస్తకం పక్కన పెట్టండి. ఫ్రిజ్‌లోంచి మంచు తీసి దంచండి, గ్లాసులో కాసిని నీళ్లు కలిపి, మీ తొట్టిలోని థర్మామీటర్‌ను ముంచి మూడు నిమిషాలు ఆగండి. సున్నా చూపకపోతే ఈరోజే విరగ్గొట్టి పారేయండి. ఇంట్లో ఎవరైనా నీళ్లు వేడిగా ఉన్నాయంటే, నోరు మూసుకుని ముందు మీ చెయ్యి పెట్టి చూడండి.