నీళ్ళ కింద బావి

చాలా ఏళ్ళుగా ఒక మనిషిని మోస్తున్నాను. బరువైన మనిషి. విచిత్రమేమంటే ఆయన అసలు పుట్టనే లేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు, బయటివాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పేరు అడగకండి. నరసరావుపేటలో ఉంటాను, పుస్తకాలు రాసి బతికాను. అలా ఇలా రాయలేదు. ఆ రోజుల్లో మా వైపు ఏ గ్రంథాలయంలోనైనా చరిత్ర బీరువా తెరిస్తే నేను, వ్యాపారం బీరువా తెరిస్తే మళ్ళీ నేనే. ఊళ్ళ చరిత్రలు, కోటల కథలు, షావుకార్ల జీవితాలు, దుకాణం పెట్టి పైకి రావడం ఎలాగో నేర్పే పుస్తకాలు. దుకాణం మాట దేవుడెరుగు, బజారుకెళ్ళి కందిపప్పు బేరం చేయడం కూడా నాకు చేతకాదు. పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆవిడ పోయింది. ఆ తర్వాత సాయంత్రాలు ఏం చేయాలో తోచక రాసేవాణ్ణి. రాస్తున్నంతసేపూ గదిలో నలుగురు మనుషులు ఉన్నట్టు ఉండేది. ఇది సాకా? సాకే అనుకోండి.

అంత వేగంగా ఎలా రాశావని అందరూ మెచ్చుకునేవారు. చెబుతాను. నా దగ్గర అచ్చులుండేవి. షావుకారు జీవితమంటే, తండ్రి లేని కుర్రాడు బట్టల మూట భుజాన వేసుకుని ఊరూరా నడవాలి. ఊరి చరిత్రంటే, అమ్మవారు ఎవరికో కలలో కనబడాలి, ఒక దండు విడిది చేయాలి, కరువులో ఒక దాత పుట్టాలి. పేర్లు మారిస్తే చాలు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు, నాది అతుకు కనబడని పని. ఎవరికి నష్టం, చచ్చినవాళ్ళు వచ్చి అడుగుతారా అనుకునేవాణ్ణి.

సాగరు ప్రాజెక్టు పని మొదలయ్యాక, మునిగిపోయే ఊళ్ళలో ఒక ఊరి మునసబు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. ఊరు ఎట్టాగూ పోతుంది, పుస్తకంలోనైనా మిగలాలి, వచ్చి నాలుగు రోజులుండి ముసలివాళ్ళను అడిగి రాయమన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఒక బావి ఉందనీ, కరువులో ఊరంతటినీ అదే బతికించిందనీ మాటల్లో చెప్పాడు. ఎవరు తవ్వారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎందుకు అడగలేదు? దాతను నేను అప్పటికే తయారుచేసి పెట్టుకున్నాను కదా.

వస్తానని మాటిచ్చాను. బయలుదేరాను కూడా. మాచర్ల దాకా వెళ్ళాను. మంచి ఎండాకాలం, పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పాలా, బస్సు దిగేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడి నుంచి ఎద్దుబండి మీద చాలా దూరం పోవాలి. కాసేపు నీడపట్టున ఉందామని కాఫీ హోటల్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోవడమెందుకని కాగితాలు తీశాను. పొద్దు వాలేసరికి ఊరు పుట్టింది, దండు విడిది చేసింది, కోటయ్య శ్రేష్ఠి అనే వర్తకుడు తన యావదాస్తీ ఖర్చుపెట్టి ఆ బావి తవ్వించాడు. బాగా వచ్చిందని నాకే ముచ్చటేసింది. అదే బస్సులో వెనక్కి వచ్చేశాను.

పుస్తకం అచ్చయింది. ఊరు ఖాళీ అయింది. కొన్నేళ్ళకు నీళ్ళు వచ్చాయి.

ఆ ఊరివాళ్ళను తెచ్చి పెట్టిన కాలనీ నుంచి ఒకరోజు నలుగురు పెద్దమనుషులు వచ్చారు. కోటయ్య శ్రేష్ఠి విగ్రహం పెడుతున్నామన్నారు. మాచర్ల వర్తకులు చందాలిచ్చారట, దుర్గిలో శిల్పికి చెప్పారట, మనిషి ఎలా ఉండేవాడో నేను చెబితే చెక్కుతాడట. అప్పుడైనా చెప్పవచ్చు. అయ్యా, అది నా కల్పన, క్షమించండి అంటే ఏమవుతుంది? నలుగురూ నవ్వేవారు, లేదా తిట్టేవారు. అంతే కదా. నేను మాత్రం కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించినట్టు నటించి, గుబురు మీసాలు, తలపాగా, భుజాన కండువా అని చెప్పాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అలా చెబుతుంటే నాకు సంతోషంగా కూడా ఉంది.

విగ్రహావిష్కరణకు ముఖ్య అతిథిని నేనే. షామియానా పక్కన కుర్చీలో కూర్చుని ఉంటే ఒక ముసలామె వచ్చి నిలబడింది. మార్తమ్మ అని చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ పుస్తకం రాసింది మీరేనంట గదయ్యా?”

“అవునమ్మా.”

“ఆ బావి మా ఇంటాయన తవ్వాడయ్యా. ఏసోబు. మా పాలెం వాళ్ళని ఊరబావి కాడికి రానిచ్చేవాళ్ళు గాదు. రెండేండ్లు తవ్వాడు. మట్టి నేను మోశా. కరువొచ్చి ఊరబావి ఎండిపోతే అందరూ మా బావి కాడికే వచ్చారు. ఈయన ఎవురినీ పొమ్మనలా. తోడి పోశాడు.” ఆగి, విగ్రహం మీద కప్పిన గుడ్డ వైపు చూసింది. “ఈ శెట్టిగారెవరో మా ఊళ్ళో నేనెప్పుడూ ఇనలేదయ్యా.”

“అది నీకంటే ముందు సంగతి అయ్యుంటుందమ్మా.”

“ముందెట్టా అయిద్దయ్యా? బండ పగలగొట్టింది నా కళ్ళెదుటే గదా. మీరొస్తన్నారని మునసబుగారు చెబితే, బావి చుట్టూ ఊడ్చి నీళ్ళు జల్లి పెట్టా. చానా పొద్దు చూశా. మీరు రాలా.”

ఇక్కడే ఆగిపోవలసింది. ఈ ఒక్కమాటకు నేను కుప్పకూలిపోవలసింది. కానీ అవతల మైకులో నా పేరు చదువుతున్నారు. నేను ఏమన్నానో వినండి.

“చూడమ్మా, చరిత్రకు ఆధారం కావాలి. నోటిమాట మీద రాయలేం. నీ దగ్గర ఏదన్నా ఆధారం ఉందా?”

ఆమె నన్ను తిట్టలేదు. ఊరు మునిగిన ఏటి వైపు తిరిగింది.

“బావే గదయ్యా ఆధారం. నీళ్ళ కిందుంది.” తర్వాత చిన్న గొంతుతో అంది, “అంత సదువుకున్నోళ్ళు రాశారంటే నిజమే అయ్యుండుద్దిలే. ముసల్దాన్నయ్యా గదా. నేనే మర్చిపోయానేమో.”

నేను లేచి వేదిక ఎక్కాను. గుడ్డ తొలగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. జనం వెనకాల నిలబడి మార్తమ్మ కూడా కొట్టింది.

ఊరివాళ్ళకు తెలియదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. ముసలివాళ్ళకు బాగా తెలుసు. తెలిసే ఊరుకున్నారు. తాము ఊరబావి దగ్గరికి రానివ్వని వాళ్ళ బావి నీళ్ళే తాగి బతికామన్న సంగతి మర్చిపోవడానికి నా పుస్తకం వాళ్ళకు వీలుగా దొరికింది. కానీ తప్పు వాళ్ళ మీదికి తోసి నేను తప్పుకోలేను. వాళ్ళు ఒక మాట దాచారు. నేను ఆ మనిషిని తీసేసి, లేని మనిషిని ఆయన చోట నిలబెట్టాను. అంతకంటే ఘోరం, ఒక ముసలామెకు తన చేతులతో మోసిన మట్టి మీదే అనుమానం పుట్టించాను.

రెండో ముద్రణప్పుడు దిద్దుబాట్లుంటే చేయమని ప్రెస్సు యజమాని ప్రూఫులు పంపాడు. బావి ఉన్న పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. కలం మూత తీశాను. ఆ పేజీలో ఒక కామా తీసేసి తిప్పి పంపాను. ఎందుకంటే నా తక్కిన పుస్తకాలన్నీ గుర్తొచ్చాయి. ఒక రాయి కదిపితే గోడంతా కూలుతుందని భయం. ఆ గోడ వెనక నేను ఒక్కణ్ణే ఉన్నాను, ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత సన్మానాలు జరిగాయి, శాలువలు కప్పారు. ఇంటికి వచ్చి తాళం తీసి, శాలువ మడతపెట్టి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తినేవాణ్ణి. మీరు రాసింది నిజమేనా అని ఒక్కరైనా అడుగుతారేమోనని ఎదురుచూసేవాణ్ణి. అడిగితే చెప్పేసేవాణ్ణా? ఏమో. ఎవరూ అడగలేదు. మార్తమ్మ పోయిందని కొంతకాలానికి ఎవరో మాటల మధ్య చెప్పారు. ఆమె ఆ అనుమానంతోనే పోయిందా, లేక చివరికి తన జ్ఞాపకాన్నే నమ్ముకుందా? నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

క్షమించమని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి లేదు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. ఒక్క మాట మాత్రం ఏ అచ్చులోనూ పోయకుండా రాస్తున్నాను. ఆ బావి తవ్వింది ఏసోబు. మట్టి మోసింది మార్తమ్మ. దీనికి ఆధారం నేనే.

ఆ ముసలివాళ్ళంతా పోయాక ఇది నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.