హార్మోనియం కొట్లో శనివారాలు

రాజమండ్రి చేపల మార్కెట్లో నూకరత్నం నోటికి జడవనివాళ్ళు లేరు. గేటు దాటగానే ఎడమవైపు, కుళాయి పక్కన, ముప్పై ఏళ్ళుగా ఆమెది ఒకటే చోటు. ముందు సత్తు బేసిన్, అందులో శీలావతులూ బొచ్చెలూ, వానాకాలంలో గోదారమ్మ దయతలిస్తే ఒకటో రెండో పులసలు. చేప మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, చివరికి పక్క బేసిన్ దగ్గరికి జరిగిపోయేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మండేది. "చూసిపోడానికి ఇదేవన్నా ఎగ్జిబిషనాండీ?" అని నలుగురూ వినేలా అడిగేది.

అలాంటి మనిషి పదకొండేళ్ళుగా ప్రతి శనివారం ఒక కొట్టుకి వెళ్ళి, గంటో గంటన్నరో కూర్చుని, గుండుసూది కూడా కొనకుండా తిరిగొస్తోందంటే మార్కెట్లో మొదట ఎవరూ నమ్మలేదు. పక్క బేసిన్ పాపాయి అయితే, "కొట్టువాడు ఎలా ఊరుకుంటున్నాడే? నువ్వైతే ఊరుకుందువా?" అని మొహమ్మీదే అడిగింది.

ఆ వెళ్ళడం ఎలా మొదలైందంటే, శనివారం వెంకటేశ్వరస్వామి వారమని ఊళ్ళో సగం మంది చేప ముట్టరు. బేరం పలచగా ఉండి, ఆ రోజు ఆమె పెందలాడే లేచి, ఖాళీ బేసిన్ చంకనెత్తుకుని మెయిన్ రోడ్డు మీదుగా వస్తోంది. ఒక అద్దాల కొట్లోంచి హార్మోనియం చప్పుడు వినిపించింది. పాటేమీ కాదు, ఎవరో మెట్లు నొక్కి చూస్తున్నారంతే. ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"చేపలొద్దమ్మా, చేపలొద్దు" అన్నాడు కొట్టాయన, తల ఎత్తకుండానే.

"అమ్మడానికి రాలేదండి."

"మరి?"

తన ఒంటిమీది వాసన తనకే కొత్తగా తెలిసొచ్చి, బేసిన్ అద్దానికి తగలకుండా పక్కకి తిప్పుకుని, బయటికి వచ్చేసింది.

ఆమె పుట్టింది గోదావరి నడుమ ఒక లంకలో. తండ్రి బుల్లియ్య పగలు వల వేసేవాడు, సాయంత్రం రామాలయంలో భజనకి హార్మోనియం వాయించేవాడు. మామూలుగా ఒక చెయ్యి మెట్ల మీద, ఒక చెయ్యి తిత్తి మీద. రెండు చేతులతో వాయించాలని ముచ్చటపడ్డ రోజున మాత్రం పెట్టె వెనక కూర్చుని తిత్తి ఆడించే పని కూతురిది. "గాలి నీది, పాట నాది" అనేవాడు. మెట్ల మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. పెట్టెకి చెవి ఆనించి కూర్చున్న ఆ పిల్లకి ఏ స్వరం ఏ మూల నుంచి పలుకుతుందో అలా పట్టుబడింది. ఎనభై ఆరు వరదకి ఆమెకి పద్నాలుగేళ్ళు. నీళ్ళు అటక దాకా రావన్న ధైర్యంతో బుల్లియ్య పెట్టెను అటక మీద పెట్టి పిల్లల్ని పడవెక్కించాడు. తిరిగొచ్చేసరికి అటక లేదు, ఇల్లూ లేదు. రెండు రోజులు పడవేసుకుని రెల్లుపొదలన్నీ వెతికాడు. ఆ తరవాత ఆయన భజనకి వెళ్ళలేదు. ఆమె పెళ్ళై ధవళేశ్వరం వచ్చేసింది, చేపల గంప ఎత్తుకుంది, పిల్లలు, మనవలు. పెట్టె సంగతి ఎవరితోనూ అనలేదు.

మరుసటి శనివారం మధ్యాహ్నం ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, బేసిన్ ఇంట్లోనే వదిలి బయల్దేరింది. అద్దాల కొట్టు వైపు చూడనైనా చూడకుండా దాటిపోయింది. దేవీచౌక్ దగ్గర ఒక సందులో చిన్న కొట్టు కనబడింది. గోడల నిండా మృదంగాలు, తబలాలు. నేల మీద ఒకదానిమీద ఒకటిగా హార్మోనియం పెట్టెలు. వాటి మధ్య కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, స్వరం పలికే ఇత్తడి రీడు ఒకటి పట్టుకుని గీకుతున్న మనిషి చంద్రరావు. కోనసీమలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, పొలం తమ్ముళ్ళకి వదిలేసి పెట్టెల రిపేరు నేర్చుకున్నాడాయన.

"రామ్మా, ఏం కావాలి?"

"ఏం వద్దండి. ఆ పెట్టె ఒక్కసారి వాయిస్తే వినిపోతానండి."

"కొంటావా?"

"కొననండి. నాకు వాయించడం రాదు. ఉత్తినే వింటానంతేనండి."

చంద్రరావు కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను తేరిపార చూశాడు. "కొంటానని వచ్చి వినకుండా పోయేవాళ్ళని చాలామందిని చూశాను. వింటానని వచ్చింది నువ్వొక్కదానివే. కూర్చో" అని ఒక స్టూలు జరిపాడు.

ఆయన వాయించింది ఏదో చిన్న కీర్తన. వింటున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి ఒళ్ళో ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది. ఆయన అది చూసి వాయించడం ఆపి, "తిత్తి కొట్టిన చెయ్యిలా ఉందే?" అన్నాడు. అప్పుడు చెప్పింది నూకరత్నం, ఎవరికీ చెప్పని ఆ కథంతా. లోపల వంటింట్లోంచి ఆయన భార్య వెంకటదుర్గ వచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడి వింది. కథ అయ్యాక లోపలికెళ్ళి అల్లం టీ తెచ్చి ఇచ్చింది.

లేచేటప్పుడు, "మళ్ళీ శనివారం రావచ్చాండి?" అని అడిగింది నూకరత్నం.

"కొట్టు తీసే ఉంటుంది కదమ్మా" అన్నాడు చంద్రరావు.

ఆటో ఎక్కాక ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. జీవితంలో సాయం చేసినవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళకేమీ ఒరగని చోట, రమ్మని స్టూలు వేసినవాళ్ళు మాత్రం వీళ్ళే. ఆ సోమవారం మార్కెట్లో ఒక పంతులమ్మ నాలుగు బేసిన్లు తిరిగి, నూకరత్నం దగ్గర శీలావతి మొప్ప ఎత్తి చూసి, "వద్దులెండి" అని కదిలింది. పాపాయి తిట్టు కోసం చెవి రిక్కించింది. నూకరత్నం, "చూడండమ్మా, చూస్తే అరిగిపోతదా" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆమె నోట 'ఎగ్జిబిషన్' మాట రాలేదు.

అలా శనివారాలు అలవాటయ్యాయి. ఒకసారి చంద్రరావు కొత్తగా బిగించిన పెట్టె వాయిస్తుంటే, "ఆ మూడో తెల్ల మెట్టుకి గొంతులో ముల్లు గుచ్చుకుందండి" అంది. విప్పి చూస్తే రీడు నాలుక కింద వెంట్రుకంత పీచు ఇరుక్కుని ఉంది. అప్పటినుంచి ఆయన ఏ పెట్టె బాగుచేసినా శనివారం దాకా ఆగి, ఆమె ముందు ఒకసారి వాయించి చూపేవాడు. అది సాయమని ఆయనా అనలేదు, ఆమే అనుకోలేదు. మాటల్లో అది 'కాలక్షేపం'.

పోయినేడాది దసరా ముందు మాట పడింది.

పాలకొల్లు నుంచి నాటకాల సమాజం పెద్ద త్రిమూర్తులు వచ్చాడు. పద్యానికి సరిపోయే గట్టి పెట్టె కావాలన్నాడు. చంద్రరావు పన్నెండు రోజులు కూర్చుని తయారుచేసిన పెట్టె ఒకటి ముందుకి జరిపి వాయించాడు. త్రిమూర్తులు తల ఊపుతున్నాడు. మూల స్టూలు మీది నూకరత్నం నోరు ఆగలేదు.

"పైన చివర రెండు మెట్లు ఏడుస్తున్నాయండి."

చంద్రరావు మళ్ళీ నొక్కాడు. "ఏం ఏడవట్లేదు. బాగానే ఉన్నాయి."

"లేదండి బాబూ, కొంచెం దిగి పలుకుతున్నాయి."

త్రిమూర్తులు ఇద్దరినీ చూశాడు. "సర్లెండి, దసరా అయ్యాక మళ్ళీ వస్తానండి" అని లేచి వెళ్ళిపోయాడు.

సందు మలుపు తిరిగేదాకా ఆయన వైపు చూసి, చంద్రరావు ఇటు తిరిగాడు. "నువ్వెలాగూ కొనవు. కొనేవాణ్ణి కూడా కొననివ్వవా?"

ఇన్నేళ్ళలో ఆ కొట్లో ఆమెను ఆ మాట అన్నది అప్పుడే. ఎదురు మాట్లాడితే తన నోరు ఎంతదాకా పోతుందో నూకరత్నానికి తెలుసు. చెప్పులు తొడుక్కుని వచ్చేసింది.

తరవాతి శనివారం వెళ్ళలేదు. ఆ పై శనివారం కాళ్ళు లాగితే, కంబాలచెరువు వైపు కొత్తగా పెట్టిన పెద్ద కొట్టుకి వెళ్ళింది. అక్కడ అన్నీ కరెంటు కీబోర్డులు. కొట్టువాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు. ఒక బటన్ నొక్కితే వీణ, ఇంకో బటన్ నొక్కితే హార్మోనియం. మెట్లన్నీ సరిగ్గా, గీత గీసినట్టు పలికాయి. కాసేపు విని, దణ్ణం పెట్టి వచ్చేసింది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. ఊపిరి తీసుకోని పాట దగ్గర మాత్రం ఎంతసేపని కూర్చుంటుంది?

కార్తీకమాసం వచ్చింది. చేపల మార్కెట్ వెలవెలబోయే నెల అది. ఒక సోమవారం పొద్దున్న గేటు దగ్గర ఒకాయన ప్యాంటు మడమల పైకి ఎత్తి పట్టుకుని, నీటి గుంటలు దాటుకుంటూ, బేసిన్ బేసిన్ దగ్గరా ఆగి చూస్తూ వస్తున్నాడు.

"ఎవరే ఈయన? కార్తీక సోమవారం, నుదుట విభూతి పెట్టుకుని మరీ వచ్చాడు" అని పాపాయి ముసిముసిగా నవ్వింది.

చంద్రరావు. నూకరత్నం తల వంచుకుని చేపల మీద నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఆయన వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"ఏం కావాలండి?" అంది, తల ఎత్తకుండానే.

"ఏం వద్దండి. చూసిపోదామని వచ్చాను."

ఆమెకు కోపం తెచ్చుకోవాలనే ఉంది. కానీ నవ్వు ముందు వచ్చేసింది. తను కూర్చునే పీట తుడిచి ఆయనకు వేసింది. చంద్రరావు ఆ చేపల మధ్యనే కూర్చున్నాడు.

"ఆ రెండు మెట్లూ నిజంగానే ఏడుస్తున్నాయి రత్నంగారూ. నాకే వినబడలేదు."

ఆయన ఆమెను 'గారూ' అని పిలవడం అదే మొదలు. సంగతేంటంటే, ఆమె వెళ్ళిపోయిన వారానికి వెంకటదుర్గ నోరు విప్పిందట. "నాక్కూడా రెండేళ్ళుగా మీ పై మెట్లు తేడాగానే వినిపిస్తున్నాయండీ. మీ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు" అందట. చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే, వయసుతో సన్నటి చప్పుళ్ళు వినికిడిలోంచి జారిపోతున్నాయని చెప్పాడట. చెవికి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే మాటలు బాగానే వినిపిస్తాయి, పెట్టె మాత్రం రేకుడబ్బాలా మోగుతుంది.

"నలభై ఏళ్ళు చెవినే నమ్ముకుని బతికానండి. అది నన్ను వదిలేసి పోతోందని ఒప్పుకోలేక, మీ మీద పడ్డాను."

నూకరత్నం చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టింది. "నాదీ తప్పేనండి బాబూ. బేరం ముందు అలా అనకూడదు. మీకు చెవిలో చెప్పుండాల్సింది."

"చెవిలో చెప్తే నాకు వినబడితే కదండీ!" అన్నాడు చంద్రరావు.

ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఏం జోకో తెలియకపోయినా పాపాయి కూడా నవ్వింది.

ఆ శనివారం ఆ పెట్టె మళ్ళీ విప్పారు. చంద్రరావు రీడు గీకుతాడు, బిగిస్తాడు, నొక్కుతాడు. ఆమె కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం" అంటుంది. "ఇంకొక్క పిసరు... ఆగండి. పలికింది" అంటుంది. రెండు మెట్లకే సాయంత్రమైపోయింది. త్రిమూర్తులు పై శనివారం వచ్చి వాయించి చూసి, ఈసారి ముందుగా మూల స్టూలు వైపు తిరిగి, "ఏమంటారమ్మా?" అని అడిగాడు. "పట్టికెళ్ళండి బాబూ. ఇప్పుడు నవ్వుతోంది" అంది నూకరత్నం. ఆయన పెట్టెకి దణ్ణం పెట్టి ఎత్తుకున్నాడు.

ఉగాదికి ఆ దంపతులు ఒక చిన్న పెట్టె తుడిచి, పసుపు బొట్టు పెట్టి ఆమె ముందు ఉంచారు. తీసుకెళ్ళమని వెంకటదుర్గ చెయ్యి పట్టుకుని బతిమాలింది. నూకరత్నం ఆ పెట్టెని చాలాసేపు నిమిరింది. "ఇంత మాట అన్నారు, చాలండమ్మా. ఇంటికి తీసుకెళ్తే ఈ ఒక్కదాన్నే వింటాను. ఇక్కడైతే ఊళ్ళో పెట్టెలన్నీ నావే" అంది. వాళ్ళు మళ్ళీ బలవంతపెట్టలేదు. ఉగాది పచ్చడి పెట్టి పంపారు.

మొన్న ఎండాకాలంలో ఒక శనివారం సామర్లకోట నుంచి లోవలక్ష్మి అనే రిటైరైన టీచరు, తీగలు మార్పించుకోడానికి వీణ తెచ్చింది. తీగలు బిగించాక చంద్రరావు, "ఉండండి టీచరుగారూ. మా రత్నంగారు విని చెప్పాలి" అన్నాడు.

నూకరత్నం కంగారుపడిపోయింది. "అమ్మో, వీణ సంగతి నాకేం తెలుసండి! ఎప్పుడూ దగ్గర కూర్చుని విననేలేదు."

"అయితే ఇప్పుడు వినండమ్మా" అని లోవలక్ష్మి చాప మీద కూర్చుని వీణ ఒళ్ళోకి తీసుకుంది. ఒక తీగ మీటి, అది పూర్తిగా ఆగిపోయేదాకా రెండోది మీటకుండా ఉంది. చంద్రరావు చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని, అదురు చేతికి తెలిసేలా వీణ కుండ మీద అరచెయ్యి ఆనించాడు. వెంకటదుర్గ స్టవ్ ఆపి వచ్చింది. నూకరత్నం స్టూలు దిగి నేలమీద, చాప అంచున కూర్చుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చెప్పడానికి ఏమీ వెతుక్కోకుండా వింది.

ఆ రోజు ఆమె లేచేసరికి ధవళేశ్వరం ఆటోలు మూడు వెళ్ళిపోయాయి. నాలుగోది ఎక్కింది.