ఇళ్ళకు కాళ్ళు వేసిన బెరిల్

మెల్బోర్న్‌కు పడమట, ఓడరేవును ఆనుకుని ఉన్న స్లేటరీ ఫ్లాట్ ఒకప్పుడు చిత్తడి నేల. తాళ్ళ ఫ్యాక్టరీ వాళ్ళు దాని మీద ఇంత మట్టి పోసి, పనివాళ్ళ కోసం చెక్క ఇళ్ళు వరసగా దించేశారు. నేల తడిది కాబట్టి ఇళ్ళను చెట్టు మొద్దుల మీద నిలబెట్టారు. వాటిని అక్కడి వాళ్ళు కాళ్ళంటారు. ముప్పై ఏళ్ళకు కాళ్ళు పుచ్చిపోతాయి, ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. యజమానులు పట్టించుకోరు.

బెరిల్ హోలిహన్ పదహారో ఏట ఆ ఫ్యాక్టరీలో తాళ్ళు పేనడానికి చేరింది. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు రేవులో దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. ఆ చలికాలమే వంటగది ఒరిగి, బల్ల మీది సూపు గిన్నె తనంతట తానే జారి గోడ దాకా పోయింది. పనివాణ్ణి పిలిచే స్తోమత లేదు. లారీ జాకీ అరువు తెచ్చి, బోర్లా పడుకుని ఇంటి కిందికి దూరింది. మొదటిసారి ఒకేచోట ఎక్కువ ఎత్తేసరికి గోడ పలకలు పటపటా విరిగాయి. ఆ తర్వాత ఇల్లంతా తిరుగుతూ, ఒక్కోచోట వేలి మందం కూడా మించకుండా లేపడం నేర్చుకుంది. ముప్పై ఏళ్ళలో పద్నాలుగో నంబరు నుంచి ముప్పై రెండు దాకా, సరి నంబర్లుండే ఆ వరసలోని పది ఇళ్ళకూ ఆమే కాళ్ళు మార్చింది.

వీధి వైపు మాత్రం ఏ ఇంటికీ రంగు ఉండదు. అది వీధి కట్టుబాటు. ముందు వైపు మెరిస్తే అద్దె వసూలుకొచ్చేవాడి కళ్ళూ మెరుస్తాయి. మాల్టా నుంచి కొత్తగా వచ్చిన సాల్వు గ్రేక్ తెలియక తలుపులకు నీలం రంగు వేస్తే, అది ఆరకముందే వరస మొత్తానికీ అద్దె పెరిగింది. ఏడాది పాటు వీధిలో అతన్ని దొరగారూ అనే పిలిచారు. బెరిల్ తన ఇంటిని యుద్ధం తర్వాత కొనుక్కుంది. అయినా పక్కవాళ్ళ మీదికి తేకూడదని ఆమె కూడా కుంచె ముట్టలేదు.

1963లో ప్రభుత్వ ఇళ్ళ శాఖ నుంచి పది ఇళ్ళకూ ఒకేరకం కాగితం వచ్చింది. ఇవి కాపురానికి పనికిరావు, పడగొట్టి ఇరవై అంతస్తులు కడతాం అని. చూసి తేల్చింది ఎవరని బెరిల్ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. అధికారి కారులో వెళ్తూ అద్దంలోంచి చూసి రాసుకున్నాడని గుమాస్తా దాచకుండా చెప్పాడు.

వీధి వీధంతా ఆమె వంటగదిలో చేరింది. ఆదివారంలోగా అందరం ముందు వైపు రంగు కొట్టేద్దాం అన్నారు.

సాల్వు నవ్వాడు. “నేను వేస్తే తప్పు, మీరు వేస్తే తెలివా?”

“ఎవరూ వేయొద్దు,” అంది బెరిల్. “ఇప్పుడు రంగు కొడితే, కారులోంచి చూడటం సరైన పరీక్షేనని మనమే ఒప్పుకున్నట్టు. ఆ అధికారి కారు దిగాలి. దిగి కిందికి దూరాలి.”

పది ఇళ్ళ తరఫునా ఆమే అభ్యంతరం రాసిచ్చింది. నెలకు అధికారి వచ్చాడు. పేరు ఫెయిర్‌క్లాత్. ముప్పై దాటని మనిషి, నలగని కోటు. ఆమె అప్పటికే ఇంటి అడుగు చుట్టూ ఉండే పలకలు ఊడదీసి పెట్టింది. టార్చిలైటు అతని చేతికిచ్చింది. కిందికి దూరడం తమ పద్ధతిలో లేదన్నాడు. వీధంతా కంచెల మీద మోచేతులు ఆనించి చూస్తోంది. చూడకుండా పడగొట్టడం మీ పద్ధతిలో ఉందా అని ఆమె మెల్లగా అడిగింది. అతను కోటు విప్పాడు.

పావుగంటకు జుట్టు నిండా సాలెగూళ్ళతో బయటికొచ్చాడు. లోపల నేల మీద రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడిమధ్య నిలిచింది. ఎవరి పని ఇది అంటే ఆమె గట్టిపడిన తన మోచేతులు చూపించింది. మరి ముందు వైపు ఇలా వదిలేశారేమని అడిగాడు.

“అది అద్దె వసూలుకొచ్చేవాడికి. ఇది మాకు.”

అతను పడగొట్టే ఇళ్ళ జాబితా తీశాడు. “మీ నంబరు కొట్టేస్తాను మేడమ్. అభ్యంతరం వెనక్కి తీసుకున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి.”

తక్కిన తొమ్మిది సంగతేమిటని అడిగింది. వాటికి ఇచ్చిన కాగితమే ఖాయమన్నాడు. ఆమె కలం ముట్టలేదు.

“అన్నిటికీ కాళ్ళు నేనే వేశాను. ఒకదాని కింద దూరి, తొమ్మిదింటిని కారులోంచి చూస్తానంటే కుదరదు నాయనా. నా నంబరు కూడా అందులోనే ఉంచు.”

గునపం తీసుకుని పదహారో నంబరుకు నడిచి, అడుగు పలకలు ఊడదీయడం మొదలుపెట్టింది. కాసేపటికి టార్చి పట్టుకుని అతనూ వచ్చాడు.

సాయంత్రం టీ వేళకు ఇద్దరూ ఏడో ఇంటి కింద ఉన్నారు. టార్చి వెలుగు చివరి మూలకు చేరకముందే ఆమె చెప్పింది.

“అక్కడ రెండు పుచ్చిపోయాయి. వచ్చే వారం మారుస్తాను. రాసుకో. రెండు కాళ్ళు అని రాయి, పది ఇళ్ళు అని కాదు.”

అతను బోర్లా పడుకునే, కాగితం మట్టి మీద పెట్టి, ఆమె చెప్పినట్టే రాశాడు.